చిట్టాకెక్కని పేరు

ఉరవకొండలో సెనక్కాయల మిల్లు వెనక గది.
ఆదివారం పొద్దున ఎనిమిది మందిమి,
మధ్యలో ఎర్రగుడ్డ అట్ట చిట్టా.
మా సీమ మాటలన్నీ ఏరి నిఘంటువు కడతాండాం.
ఎవరైనా రావచ్చు, ఒక మాట ఇయ్యచ్చు,
ఉన్న మాటను కొట్టెయ్యమనీ అడగచ్చు.

మొదటి పేజీలో గాదిలింగప్ప సారు రాసిన కట్టుబాటు:
"ఈ పని గురించి చెవిలో చెప్పిందేదైనా
మూడు దినాల్లో చిట్టాకెక్కాల.
ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు."

అదేం ఊరికే రాయలేదు.
'కసువు' అంటే గడ్డా, చెత్తా అని
పోయినేడు రెండు వారాలు గొంతులు పోయేట్టు కొట్లాడినాం.
సారూ, మిల్లు ఓనరూ
టీ అంగట్లో ముందే తేల్చుకున్నారని తర్వాత తెలిసింది.
మా అరుపులన్నీ గ్లాసు అడుగున టీ పొడి.
ఆ సిగ్గుతోనే సారు చిట్టా తెచ్చినాడు,
తన పేరే తొలి పద్దు.

బుధవారం రాత్రి పదకొండుకు ఫోను.
ఎవరో ఇక్కడ కూడా రాయను.
"నూట పద్నాలుగో పేజీలో ఆ మాట తీసేయండన్నా."
ఏటికన్నాను.
అవతల తిరుగుతాండే చక్రమేదో ఆగింది.
ఇరవై ఏండ్లు ఇంట్లో పేరు పెట్టి పిలవలేదంట,
ఆ మాటతోనే పిలిచినారంట.
"చిట్టాలో మాత్రం వద్దన్నా."

గురువారం. శుక్రవారం.
చిట్టా ఈ వారం నా వంతు, సైకిలు సంచిలో బరువు.
కొండ మీద గాలిమరలు ఎప్పట్లానే తిరుగుతాండాయి.
దాస్తే నేనూ ఆ టీ అంగట్లో కూర్చున్నట్టే.
రాస్తే ఒకరింటి తలుపు తీసి
బజారుకు పెట్టినట్టే.

శనివారం కరెంటు పోయినాక రాసినా:
"నూట పద్నాలుగో పేజీ మాట తీసెయ్యమని నాకు ఫోను వచ్చింది.
అడిగిన పేరు నాకాడ ఉండాది, రాయను.
కారణం తెలుసు, రాయను.
కాబట్టి ఈ మాట మీద నాకు ఓటు లేదు."

సారు చదివి కండ్లద్దాలు తీసినాడు.
"కట్టుబాటులో 'ఎవరు' అని ఉండాది గదప్పా."
"ఉండాది సార్."
"ఈ సందులో రేపు ఎనుమునే తోలుకొస్తారు,"
అన్నాడు తిప్పేస్వామి. అబద్ధం కాదు.
గంటసేపు నన్ను ఉతికినారు,
నేను ఆరేసుకున్నా.

ఆఖరికి చేతులెత్తమన్నారు.
ఉండనీ అని లేచినవి నాలుగు.
నాలుగోది, అందరికంటే నిదానంగా,
ఆ రాత్రి ఫోను పట్టుకున్న చెయ్యి.

మాట నిలిచింది.
ఏటికని అడగాలని నాలిక్కొస దాకా వచ్చింది.
అడిగితే,
అదీ చిట్టాకెక్కాల.