ఎనిమిదో తరగతి తుమ్ములు

ఎనుమాముల దిక్కు నుంచి గాలి మర్లితే
మా బడిలో హాజరు తుమ్ములతోనే మొదలు.
నంబరు పిలవకముందే మూడో బెంచీ పలుకుతుంది,
కిటికీ పక్కన మైమూన రెండుసార్లు పలుకుతుంది.

ఫిబ్రవరి. యార్డుకు మిర్చి బస్తాలు దిగే కాలం.
"మిర్చి ఎక్కువొచ్చిన్నాడు మనం ఎక్కువ తుమ్ముతమా సార్?"
బానోతు సక్రు అడిగాడు,
అడిగి తానే తుమ్మాడు.
అదీ వాళ్ల ప్రాజెక్టు. నేనిచ్చింది కాదు.

ఆఫీసు నుంచి మూడు యాప్‌ల పేర్లొచ్చాయి.
ఒకటి ఎంచుకొని, కారణం రాసి
వచ్చే శనివారంలోగా పంపాలి.
నేను ఎంచితే పది నిమిషాల పని.
వండేది వాళ్లయినప్పుడు
గిన్నె నేనెందుకు చూడాలనిపించి
ఉన్న నాలుగు ట్యాబులూ, పగిలినదానితో సహా,
వాళ్ల ముందు పెట్టాను.
అంగట్లో కుండ కొన్నట్టు
కొట్టి చూసిండ్రు, వంచి చూసిండ్రు,
చెవి దగ్గర పెట్టుకొని విన్నరు కూడా.

మొదటిది మెరిసింది.
ముట్టుకుంటే చప్పట్లు, నక్షత్రాలు,
ఎవరు ముందో ఎవరు వెనకో ఒక పట్టిక.
సక్రు ఇరవై తొమ్మిదో వరసకు జారాడు,
అప్పటికి వాడింకా ఏమీ చేయనేలేదు.
అంశాల్లో అగ్నిపర్వతం ఉంది, సౌరకుటుంబం ఉంది,
తుమ్ము లేదు.
"ఇతరములు" నొక్కితే
మీ ప్రాజెక్టులో ఏం తేలుతుందో ముందు రాయండి, అంది.
పక్కన ఎర్ర చుక్క. రాయకుంటే కదలదు.
"ఏం తేల్తదో ఎరుకైతే ఇగ చేసుడెందుకు?"
పగిలిన ట్యాబు మీద గోరుతో కొడుతూ
ఎలగందుల రుచిత అంది,
నా బీఈడీలో ఎవరూ అడగని మాట.

రెండోది మంచిదే. తెలుగొచ్చు.
కానీ పిల్లకొక మెయిల్, మెయిల్‌కొక ఫోను కావాలంది.
రుచితోళ్ల ఇంట్ల ఫోను ఒక్కటే,
పొద్దుగాల నాయినతోని ట్రాలీ ఆటో ఎక్కి పోతది,
రాత్రి చార్జింగు లేకుంట వస్తది.
పైగా బస్తాల గుట్టల నడుమ సిగ్నల్ లేదు.
మైమూన వాళ్ల అబ్బా, హమాలీ,
ఇరవై ఏండ్ల దగ్గు గురించి చెప్పిందంతా
తెర మీద తిరిగే చక్రంలో
తిరిగి తిరిగి పోయింది.
మళ్లీ చెప్పమంటే నవ్వాడు.
"అప్పుడొచ్చినట్టు రాదు బేటా."

మూడోది సాదా.
తెరిస్తే తెల్ల కాగితం, మూలకు మైకు బొమ్మ.
నెట్టు లేకున్నా రాసుకుంటది,
బడికొచ్చినంక అప్పజెప్తది.
సోమవారం: గాలి మా దిక్కే, తుమ్ములు నలభై ఏడు.
మంగళవారం: ముప్పై.
బుధవారం వంద దాటింది.
పందెం పెట్టుకొని దొంగ తుమ్ములు తుమ్మారని తెలిసి
తరగతి రెండు ముక్కలైంది.
మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా మాటల్లేవు.
చివరికి ఆ అంకెను కొట్టేశారు.
కొట్టేసినా గీత కింద కనబడుతూనే ఉంది,
ఎవరు రాసిండ్రో, ఎవరు కొట్టేసిండ్రో,
పక్కన సక్రు గొంతు, తల వంచుకొని చెప్పినట్టు:
"నాయి పదకొండు దొంగయి."

శనివారం.
కాయితంలో కారణానికి ఒక్కటే గీత.
నేననుకున్నవి వేరు, ఖర్చు, భద్రత, వగైరా.
పెన్ను అప్పటికే రుచిత చేతిలో ఉంది.
"మా తప్పును దాచింది" అని రాసింది.

చదివే ఆఫీసరుకు ఏ దాచడం తోస్తుందో.
కప్పిపెట్టడమా,
మా అమ్మ మేలైన మిర్చికాయలేరి
పాత చీర పేగులో మూటకట్టి
వచ్చే ఏటి విత్తనానికి దూలానికి వేలాడదీసినట్టా.

దిద్దుదామని పెన్ను అడిగాను.
గాలి మర్లింది.
ముందు నేనే తుమ్మాను,
వాళ్లు లెక్కలో వేసుకున్నారు.