నా వాటా

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఇరవై ఆరేళ్లు టిక్కీల లెక్క రాశాను.
తేజ రకం క్వింటా ఇరవై వేలన్న రోజు
యార్డులో ఎవరి కాళ్లూ నేలమీద ఆనలేదు.
పన్నెండుకి జారిన రోజు
సీతారావయ్య బాబాయి తుండుగుడ్డతో మొహం తుడుచుకుని
"ఘాటు మనకి, రేటు వాళ్లకి" అన్నాడు.
నేను తల వంచుకుని రసీదు రాశాను.

లోపల మిషన్లు మాత్రం
ధర ఎక్కినా దిగినా
అదే గుర్రు.
నెల తిరిగేసరికి అదే బిల్లు.
కట్టడానికి వెళ్లేది నేనే.
ఓ మధ్యాహ్నం క్యూలో, చెమటలో, తోచింది:
ఈ కిటికీకి అవతల కూర్చుంటే?

అలా కొన్నాను,
తీగలు లాగే కంపెనీవి, రెండొందల నలభై షేర్లు.
చీటీ పాడిన డబ్బు.

మస్తాన్‌బీ పగలబడి నవ్వింది:
"ఎదుగూ లేదు బొదుగూ లేదు,
వట్టిపోయిన గేదెని కొన్నావే!"
వట్టిపోలేదు.
ఏడాదికి రెండు మూడుసార్లు గ్లాసుడు పాలు.
కిందటేడు గ్లాసు కాస్త చిన్నదైంది,
ఎవర్నడుగుతాం.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
కొరిటెపాడు కొరిటెపాడంతా
డాబాలెక్కి తిడుతోంది.
విసనకర్ర తడుముకుంటుంటే ఫోను వెలిగింది:
షేరుకి మూడుంపావలా, ఏడొందల ఎనభై జమ.

నోటిదాకా వచ్చిన తిట్టు
మింగేశాను.
ఈ చీకట్లో నా వాటా ఎంతో
వేళ్లమీద లెక్కేసుకుంటూ
గుమ్మంలో కూర్చున్నాను.