రెండు గట్ల పదును

పోయిన ఎండాకాలం, చౌరస్తా మూల మీద
కొడవండ్లు, కత్తెర్లు, మటన్ దుకాణపు కత్తుల నడుమ
ఆయన ఒక బూట్ల జత పెట్టిండు.
అడుగున రబ్బరు లేదు, మేకులు లేవు.
జానెడున్నర ఉక్కు పలక, నిలువుగ.

"గీటికి సాన పట్టాలె యాకూబ్."
"ఏం కోస్తవన్నా గీటితోని?"
"ఏం కొయ్య. నిలవడ్త."

ఇరవై ఆరేండ్ల సంది సాన బండి తొక్కుతున్న.
ఏ కత్తి ఏం పని జేసిందో అంచు జూసి చెప్త.
ఎడమచేతి దర్జీ కత్తెర తెలుస్తది,
బొక్కల మీద కొట్టీ కొట్టీ పండ్లూడిన సత్తూరు తెలుస్తది.
ఈ పలక మాత్రం నాకు చదువ రాలె.
మొన దేలేటట్టు గీకవోయిన.

చక్రం మీద చెయ్యి పెట్టి ఆపిండు. కోపం జెయ్యలె.
"ఒక్క మొన గాదు. నడుమ వాగు తియ్యి.
ఇటొక గట్టు, అటొక గట్టు ఉండాలె.
ఉర్కుడంత ఆ గట్ల మీదనే."

నేను వాగు తీస్తాంటె, నిప్పురవ్వలల్ల ఆయన చెప్పుకొచ్చిండు.

పేరు గుండేటి మొగిలి. పరకాల దగ్గర ఊరు.
పందొమ్మిదేండ్లకు ఫోర్స్‌ల పడ్డడు.
అప్పటిదాక ఎరిగిన ఐసు
జాతరల గీకి, ఎర్ర రంగు పోసి, పుల్లకు గుచ్చి ఇచ్చేదే.
లేహ్‌ల దిగినంక జూసిండట,
చెరువుకు చెరువే గట్టిపడి
మీదికెల్లి లారీ పోతాంది.

పది నెల్లు పహారా, రెండు నెల్లు ఆట.
రాత్రి పూట బకెట్లతోని నీళ్లు మోసి
మైదానమంత పారబోసుడు.
మడికి పెట్టినట్టే, అన్నడు,
గాని తెల్లారేసరికి గాజు మొలుస్తది.

మొదటి చలికాలమంత పడుడే ఆట.
"మద్రాసీ" అని పిలుస్తుండిరి.
కాదు, వరంగల్, అని చెప్పే లోపల
బిళ్ల పక్కనుంచి పోయేది.
నల్ల రబ్బరు బిళ్ల, అరచేతంత,
సలికి రాయి అయితది.
ముందటి పండ్లు రెండు అదే తీస్కపోయింది.
సెలవుల ఇంటికొచ్చి, మంచు మీద ఆడుతున్ననంటే
వాళ్లవ్వ, "ఒట్టి కాళ్లతోనా బిడ్డా" అని ఏడ్చిందట.

పద్నాలుగు చలికాలాలు. ఎడమ దిక్కు డిఫెన్స్.
"గోల్ కొట్టినోనికి పేరు.
ఆపినోన్ని ఎవడు యాదికుంచుకుంటడు?"
మొత్తం ఎన్ని కొట్టినవన్నా అంటే
ఒక్క వేలు జూపెట్టిండు.
అదిగూడ వేరేటోడు కొట్టిన బిళ్ల
ఆయన మోకాలికి తాకి లోపల పడ్డది.
ఆ మోకాలే ఎన్కసీరి ఆట బంజేపిచ్చింది.
సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. గుండేటి పోయి "గుండా" అని అచ్చయింది.
దిద్దియ్యలె. బీరువల, బిడ్డ చీరెల కింద ఉన్నదట.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్ల, కాటా కాడ వాచ్‌మన్.
మిరప ఘాటుకు తుమ్ముకుంట
లారీలను ఆపుతడు.

వాగు తీసుడు అయినంక పలక నాకు చదువొచ్చింది.
ఎడమ బూటుకు లోపలి గట్టు
గోరంత ఎక్కువ అరిగింది.
ముందుకు ఉరికినోని అరుగుదల గాదది.
ఎదురొచ్చేటోని మొఖం మీద కన్ను పెట్టి
ఎన్కకు, ఎన్కకు జరిగినోనిది.
చెప్పిన. ఆయన చానసేపు మాట్లాడలె.

"ఇంక యాడ ఆడుతవన్నా?" అన్న.
"యాడ లేదు. మొద్దువారి ఉన్నయంటే
రాత్రి మోకాలు గుంజుతది."

బొటనవేలి గోరు మీద అంచు పెట్టి
మెల్లగ గుంజిండు.
తెల్లటి పొట్టు లేచింది, ఉల్లిపొర కన్న పల్చగ.
మే నెల, పగటీలి రెండు గంటలు,
కాళ్ల కింద తారు మెత్తబడ్డది.
ఆ పొట్టు నా అరచేతిల పెట్టి
"ఇగో, ఐసు గిట్ల లేస్తది" అన్నడు.

గుప్పిట ఇప్పబుద్ధి గాలె.
నలభై రూపాయలు
ఎడమ చేత్తోనే తీసుకున్న.