ప్రక్రియలో ఉంది

టెక్కలి పాత బస్టాండు ఎదురుగా
జెరాక్సు షాపులో కరెంటు పోయి వచ్చేసరికి
నా దరఖాస్తు మూడో పేజీ దగ్గర ఆగి ఉంది.
గడి చిన్నది. పక్కన వాక్యం మాత్రం పెద్దది:
"ఈ పాదవైద్య కళాశాలకు పూర్తి గుర్తింపు
ఇంకా ప్రక్రియలో ఉందని నాకు తెలియును.
రాని పక్షంలో యాజమాన్యాన్ని నిలదీయను."

నిలదీయను.
మనిషిని నిలబెట్టే చదువుకి
మొదటి షరతు ఇది.

షాపు కుర్రాడు కూర్మారావు మౌసు మీద వేలు పెట్టి
"టిక్కు కొట్టీమంటావేటన్నా?" అన్నాడు.
ఉండు, అన్నాను.

ఆరేళ్లుగా ఏరియా ఆసుపత్రి డ్రెస్సింగు గదిలో
నాది కాళ్ల దగ్గర కొలువు.
మొహాలు ఆలస్యంగా గుర్తొస్తాయి నాకు,
మడమలు వెంటనే.
నౌపడ ఉప్పుమడుల్లోంచి వచ్చే జోగమ్మ పగుళ్లలో
మందుకంటే ముందే తెల్లటి పలుకులుంటాయి.
భావనపాడు దండాసికి టేకు ముల్లు దిగినచోట
వాన ఒకరోజు ముందుగా తెలుస్తుంది.
మెళియాపుట్టి కొండ మీంచి దిగిన ముసలాయన
నాలుగేళ్లు లోపలే పెంచుకున్న వెదురు ముల్లుని
తీసి చేతిలో పెడితే
జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

షుగరు కాళ్లు వేరు.
వాటికి నొప్పి రాదు, అదే జబ్బు.
చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియక
కాగిన తారు మీద నడిచొచ్చిన కండక్టరు తవిటయ్య
"ఏటీ నేదు బావూ, సిన్న బొబ్బ" అన్నాడు.
మూడో వారం విశాఖ పంపాం.
తిరిగొచ్చాక
కొత్త జత కొని ఎడమది నాకిచ్చాడు,
ఎవరికైనా పనికొస్తుందని.
ఎనిమిదో నంబరు. మంచం కింద ఉంది.

నా గుర్తింపు కార్డూ అంతే,
మార్చి ముప్పై ఒకటిన చచ్చిపోయి
ఏప్రిల్లో ఏదో ఒకరోజు లేస్తుంది.
ఆ నడుమ రోజుల్లో కట్టిన కట్లు
ఎవరు కట్టినట్టు?
పుండుకి తెలీదు. మానింది.

కాలేజీకి ఫోను చేశాను.
విజయనగరం బైపాసు పక్కన
సున్నం వాసన పోని రెండంతస్తులు.
ఎత్తినావిడ పేరు సత్యవేణి.
"తనిఖీవాళ్లు ఒకసారి వచ్చారండి, మళ్లీ వస్తారు.
ఎముకలొచ్చాయి, బెంచీలు రావాలి."
మొదటి బ్యాచి బయటికొచ్చేలోగా వస్తుందాండీ గుర్తింపు?
కాసేపు ఆవిడ గదిలో ఫ్యాను చప్పుడు.
"మా తమ్ముణ్ణి ఇందులోనే చేర్చానండి."
అది జవాబో కాదో నాకింకా తెలీదు.

అడుగంటే పాదం పడినచోటు,
అడుగంటే గిన్నెలో మాడే భాగం,
అడుగంటే, నోరు తెరిచి అడుగు అని.
తెలుగు ఈ మూడింటినీ
ఒకే మాటలో కుక్కి మనమీద వదిలేసింది.

అమ్మకి చెబితే ముందు నవ్వింది.
"కాలికీ ఓ సదువేటిరా?
తలకి సదివినోల్లకే దిక్కు నేదు."
గిన్నెలు తోమింది. దీపం తగ్గించింది.
తర్వాత, ఎవరూ అడక్కుండానే,
గోడకి ఆనుకుని తన కాలు నా వైపు జాపింది.
చిటికెన వేలి పక్క ఆనె. పదేళ్లదట.
ఊరి కాళ్లన్నీ కడిగొచ్చే నేను
ఒక్కసారీ చూడనిది.

"అన్నా, ఎనకాల జనం ఉన్నారు."

కొట్టాను టిక్కు.
గడిలో అది
పొట్టి మడమ, పొడుగు పిక్కతో
గీత దాటి కొంచెం బయటికే పడింది.
డబ్బులు కట్టాను. రసీదు కదిలింది.
మళ్లీ కరెంటు పోయింది.

కూర్మారావూ నేనూ చీకట్లో నిలబడ్డాం,
కాయితం సగం లోపల,
సగం బయట.