తొమ్మిదో నంబరు

దాళ్వాకి వంతుల మీద నీళ్ళు వదిలే రోజులు.
తెల్లారేసరికి తూము పలకలు రెండు లేచి ఉన్నాయి.
పైవాళ్ళ వంతు నీళ్ళు
రాత్రికి రాత్రే శివారు చేలల్లోకి దిగిపోయాయి.
లస్కరు పల్లయ్య నెత్తి బాదుకుంటుంటే
డ్రిల్లు మేష్టారు తాతబ్బాయిగారు
గట్టు మీద గొంతుక్కూర్చుని
"దొరికాడు" అన్నారు.

ఒండ్రులో ఒక్కటే అచ్చు.
కుడికాలి చెప్పు.

బాతులు తొక్కేస్తాయని దాని మీద
మా అంగన్‌వాడీ పప్పు గిన్నె బోర్లించాం.
పిల్లల ఎత్తు కొలిచే టేపు కూడా నాదే.
అలా నేనూ దర్యాప్తులో చేరాను.

పదకొండు అంగుళాలకి ఒక నూలు తక్కువ.
చేపముళ్ళ గీతలు, మధ్యలో గుండ్రం,
గుండ్రంలో ఏవో అక్షరాలు తిరగబడి.
సెలూను అబ్బులు అద్దం పట్టుకొచ్చాడు.
అద్దంలో ముందు ఆకాశం కనిపించింది,
తర్వాత అబ్బులు ముక్కు,
ఆ తర్వాతే ఇంగ్లీషు అక్షరాలు మూడు,
చివరిది సగం.
"విదేశీ సరుకు" అన్నారు మేష్టారు.
చర్చిలో మిగిలిన కొవ్వొత్తులు కరిగించి
అచ్చులో పోద్దామన్నాడు మోటార్ల ఏసుపాదం.
వేడికి సాక్ష్యం చెడుతుందని ఆపేశారు.

కాగితం మీద బొగ్గుతో దించుకుని
నలుగురం రాజోలు బస్సెక్కాం.
షాపతను పాపం, అరలన్నీ దింపి
చెప్పుల అడుగులు పైకి పెట్టి పరిచాడు.
వజ్రాలు, అలలు, తేనెపట్టు గదులు, మెలికలు.
ఇన్ని ముగ్గులు కాళ్ళ కింద మోస్తూ తిరుగుతున్నామని
నాకు ఆవేళే తెలిసింది.
గంట తర్వాత కళ్ళజోడు తుడుచుకుని
"ఇది మేం అమ్మే రకం కాదండీ,
పంచిపెట్టే రకం" అన్నాడు.

తిరుగు బస్సులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

వైనతేయ ఊళ్ళోకొచ్చి పోయిన ఏడు
ఎవరో పుణ్యాత్ములు లారీలో తెచ్చి
ఇంట్లో మనిషికో జత ఇచ్చారు.
అన్నీ తొమ్మిదో నంబరే.
ఊరి కాళ్ళు కొలిచే తీరిక వాళ్ళకెక్కడిది?

అబ్బులు మెల్లగా పాదాలు సీటు కిందికి లాక్కున్నాడు.
మేష్టారు తన చెప్పు విప్పి తిప్పి చూసుకున్నారు.
చేపముళ్ళు. గుండ్రం.
"అయితే అరుగుదల చూడాలి" అని
నోటుబుక్కులో పేర్లు మొదలెట్టారు.
మానేపల్లి దాటేసరికి నలభై మూడు.
అందరూ మగవాళ్ళే.

సాయంత్రం గిన్నె కోసం నేనొక్కదాన్నే వెళ్ళాను.
రేపు పిల్లలకి పప్పు వండాలి కదా.
గిన్నె తీసి, వాలుతున్న ఎండలో మరోసారి చూశాను.
మడమ దగ్గర గీతలు అరిగి నున్నబడ్డాయి.
ముందు రెండంగుళాలు మాత్రం
లారీలోంచి అప్పుడే దిగినట్టు పదునుగా,
ఏ వేలూ ఎన్నడూ అంతదూరం రానట్టు.

తొమ్మిదో నంబరు చెప్పులో ఐదో నంబరు పాదం.
నావీ అంతే. ముందంతా ఖాళీ,
నడిస్తే టపటపా కొట్టుకుంటూ
మనకంటే ముందే వీధికి కబురు చెబుతాయి.
ఆ రాత్రి గట్టు మీద
వాటిని చప్పుడు కాకుండా నడిపించడానికి
వేళ్ళు ఎంత బిగపట్టి ఉంటుందో.

శివారున కౌలుకి చేసే ఆడమనిషి ఒక్కతే.
పేరు నేను రాయను.
మేష్టారి పుస్తకంలో ఎలాగూ గడి లేదు.

గిన్నె అక్కడే బోదె నీళ్ళతో కడిగాను.
కడిగిన నీళ్ళు ఎటు పోశానో చూసుకోలేదు.

మర్నాడు నేరం బాతుల మీద పడింది.

గురువారం గుడ్లిచ్చే రోజు.
ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది,
గుమ్మం బయట చెప్పులు విడిచింది.
ఒకటి తిరగబడి అడుగు పైకొచ్చింది.
"చేను ఎలా ఉంది?" అన్నాను.
"పాలు పోసుకుంటోందమ్మా" అంది,
గుడ్లు కొంగులో ముడేసుకుంటూ.

వీధి చివర మేష్టారి సైకిలు బెల్లు.
మాట్లాడుతూనే నేను
ఆ చెప్పుని కాలితో సరిచేశాను.