పట్టు దొరికే చోటు

సుంకి ఘాట్ ఎక్కి వచ్చిన ఏ బండైనా
నా షెడ్డు ముందు ఒకసారి ఊపిరి తీసుకుంటుంది.
సాలూరు లారీలకి నేను కొత్త కాదు.
ఆ బుధవారం వచ్చింది మాత్రం
రెండే సీట్ల ఎర్ర కారు,
నేలకి ఎంత దగ్గరంటే
రోడ్డు దాటే మేక దాన్ని పైనుంచి చూసింది.

డాక్టర్ సుభాషిణి పట్నాయక్, జయపురం కంటి ఆస్పత్రి.
తాళం చేతిలో పెట్టి అంది:
"పెడల్ పైదాకా వచ్చినా ఏమీ చెప్పదు మేస్త్రీ,
చివర్లో ఒక్కసారే అరుస్తుంది."
ముప్ఫై ఏళ్లలో జబ్బుని ఇంత సరిగ్గా
చెప్పిన మనిషి లేడు.

గేర్‌బాక్స్ దించాం.
ప్లేటు అరిగి రివెట్లు తేలి మెరుస్తున్నాయి.
కొత్తది విశాఖ నుంచి బస్సులో వచ్చింది
ఎండుచేపల బుట్ట కింద.
వాసన పోవాలని సోంబారు
డబ్బాని రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టాడు.

లారీ క్లచ్ మేనత్త లాంటిది,
ఎంత తప్పు తొక్కినా సర్దుకుపోతుంది.
ఇది అలా కాదు.
పక్కగదిలో ఎవరో నిద్రపోతుంటే
తలుపు మూసినట్టు వదలాలి.
ఎక్కడో, బియ్యపుగింజ మందంలో,
తిరిగేది తిరగనిదాన్ని తాకుతుంది.
ఆ గింజ దొరకాలి పాదానికి.

చెప్పు విప్పి కూర్చున్నాను.
వదిలాను. ఆగిపోయింది.
మళ్లీ. ఎగిరిపడి ఆగిపోయింది.
మూడోసారి తాళం తిప్పలేదు.

రెండేళ్లుగా షుగరు.
మొన్న వేడి నట్టు మీద కాలేస్తే
కమురు వాసన వచ్చాక గాని తెలియలేదు, అది నా కాలేనని.
షెడ్డులో ఎవరికీ చెప్పలేదు.
సోంబారుకి చెప్పాల్సిన పని పడలేదు,
తలుపు తెరిచి పక్కన నిలబడ్డాడంతే.

పరజా కుర్రాడు. పొట్టంగి సంతలో వాళ్లమ్మ రాగులు అమ్ముతుంది.
నేను తెలుగులో తిడతాను, వాడు దేశియాలో నవ్వుతాడు,
నాలుగేళ్లుగా పని జరుగుతూనే ఉంది.

షెడ్డు పక్క ఎత్తు మీద బండి నిలబెట్టించాను.
ముందుకెళ్లి బానెట్‌కి అరచెయ్యి ఆనించాను.
తప్పు పని. మీరెవరూ చెయ్యకండి.
"హ్యాండ్‌బ్రేకు దించు. బేగి ఒగ్గీకురా,
ఒగ్గినట్టు దానికే తెలీకూడదు."

బండి వెనక్కి జారింది.
నా చేతికీ దానికీ మధ్య జానెడు గాలి.
తర్వాత తిరిగొచ్చింది,
ఆకలి వేసిన దూడ మూతి పెట్టినట్టు
వెచ్చగా, వణుకుతూ, అరచేతిలోకి.

"అక్కడే! అక్కడే ఉండు!"

ఎక్కదు, జారదు.
వెయ్యి కిలోల ఇనుము ఒక బొటనవేలి మీద.
అద్దంలోంచి వాడి మొహం, పళ్ల మధ్య నాలుక.
లోయలోంచి మబ్బు లేచి
చక్రాల కిందుగా నడిచిపోయింది.
పది లెక్కపెట్టాను.
ప్లేటు కాలుతుందని తెలుసు,
అయినా ఇంకో ఐదు.

పెడల్ రాడ్ అర చుట్టు తిప్పాం, అంతే.

సాయంత్రం ఆవిడ పొట్టంగి మలుపుదాకా వెళ్లొచ్చింది.
ఇంజను ఆపకుండానే దిగి,
"మాట్లాడుతోంది," అంది.
"కాలు ఎవరిది?"
వాడిని చూపించాను.
ఆవిడ మాత్రం నా పాదం కేసి చూసి,
"కంటి డాక్టర్ని, అయినా చెప్తున్నా,
రేపే ఆ పుండు ఎవరికైనా చూపించు," అంది.

బిల్లులో పని చేసినవాడి పేరు దగ్గర
పెన్ను సోంబారుకిచ్చాను.
"ఏ అక్షరాలు? ఒడియావా, తెలుగువా?"
ఈ ఊళ్లో అందరికీ ఉన్న అనుమానమే.
"నీకెక్కడ పట్టు దొరికితే అక్కడ."

పెన్ను కాగితానికి ఆనించి
కాసేపు అలాగే పట్టుకున్నాడు.
తర్వాత కదిలాడు.