రందికి గడి లేదు

సజ్జా అన్నారు చోటి పేరు.
సజ్జలు గుర్తొచ్చాయి, కానీ ఇక్కడ మొలిచేదేమీ లేదు.
షార్జా దాటి, సిమెంటు ఫ్యాక్టరీల వెనక
దుమ్ముకి కూడా షిఫ్టులున్న చోటు.
శుక్రవారం పొద్దున, క్యాంపు మెస్సులో
ఒక ప్లాస్టిక్ బల్ల, రెండు కుర్చీలు, నా పెన్ను.
నింపిన ఒక్కో కాగితానికి
యూనివర్సిటీ నాకు ఇరవై దిర్హాములిస్తుంది,
జవాబు చెప్పినవాడికి ఒక ఫోన్ కార్డు.

తొమ్మిది ప్రశ్నలు. ప్రశ్నకి నాలుగు గడులు.
అసలు లేదు, కొన్ని రోజులు,
సగం రోజుల పైన, దాదాపు రోజూ.
తెలుగు చేసింది నేనే,
తణుకు బళ్లో మార్కులు తెచ్చిన తెలుగు:
"గత రెండు వారాలలో మీరు నిస్పృహకు లోనయ్యారా?"

బొమ్మెన మొగిలి, స్కాఫోల్డింగు, పద్నాలుగేళ్ల సర్వీసు,
లోనయ్యారా దగ్గరే ఆగిపోయాడు.
"లోనికి ఎందుకు మేడం? లోన ఏసీ బందైంది."
నవ్వాను. అతను నవ్వలేదు.
పోనీ, కుంగుబాటు?
"నిరుడు వానకు మూడో బ్లాకు కుంగింది. రాసుకోండ్రి."

వెనక బల్ల దగ్గర చాయ్ ఊదుకుంటూ
గాదె పోశెట్టి అన్నాడు, నాతో కాదు, గ్లాసుతో:
"రంది అని అడగమను రా."

రంది.
మెస్సులో చెంచాల చప్పుడు తగ్గింది.

"రందా? రంది లేనోడెవడు మేడం?
రందితోనే లేస్తం, రందితోనే బస్సెక్కుతం.
అప్పు రంది. ఎండిన బోరు రంది.
ఫోన్ల నా మొఖం జూసి
ఎవరే ఈయన అని నా బిడ్డ
వాళ్లమ్మనడిగిన రంది.
గని అది రోగం గాదు గదా. సున్నా ఏస్కో."

వేశాను.
నిద్ర? సున్నా. ఆకలి? సున్నా.
అలసట అన్నప్పుడు మాత్రం
అరచేతులు తిప్పి చూపించాడు,
గడి ఏదో అందులో వెతుక్కోమన్నట్టు.
"ఈ కాయితం కంపెనీకి పోతదా?"
పోదు. మీ పేరుండదు.
"పేరు లేకుంటే అది నేనని ఎట్ల ఎరుక?"
ఎరుక కాకూడదనే.
కాసేపు ఆలోచించి, "గదీ మంచిదే" అన్నాడు.

తొమ్మిదోది చదివేటప్పుడు గొంతు మార్చొద్దని
శిక్షణలో డాక్టర్ షమ్సా మూడుసార్లు చెప్పింది.
కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడగాలి,
చచ్చిపోతే బాగుండునని అనిపించిందా, అని.
అడిగాను.
"ఛ ఛ. సున్నా."

కార్డు తీసుకున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.
"మా రూముల ఎనిమిది మంచాలు మేడం.
కిటికీ దిక్కు పై మంచం మీద
ఉగాది సంది ఎవ్వరం పండుకుంటలేం.
ఆ దుప్పటి మాత్రం శుక్రారం శుక్రారం
నేనే పిండుతున్న.
గది ఏ గడిల రాస్తవ్?"

ఇతర వ్యాఖ్యలు అని కింద ఒక్క గీత ఉంది.
ఇంగ్లీషులో మొదలుపెట్టి, కొట్టేసి,
రంది అని రాశాను.
కౌన్సెలింగ్ నంబరు చీటీ ఇచ్చాను.
ఒకటి నొక్కితే అరబ్బీ, రెండు ఇంగ్లీషు, మూడు హిందీ,
నాలుగు నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది.
పతాకా సంచిలో దాచుకుంటూ అడిగాడు:
"ఆడ పోశెట్టి అసొంటోడు ఉంటడా?"

సోమవారం చల్లటి గదిలో లెక్క తేలింది.
నూటికి తొంభై మంది క్షేమం.
గ్రాఫు పొట్టిగా, బుద్ధిగా నిలబడింది.
గీత మీది మాట చూసి షమ్సా వేలు ఆపింది,
ఇదేమిటని.
చెప్పబోయాను. అప్పు, బోరు, దుప్పటి.
"హమ్" అంది తను, నెమ్మదిగా.
మా అమ్మమ్మ మాట, సముద్రానికి ముత్యాల కోసం వెళ్లినవాళ్ల కోసం
ఇంట్లో కూర్చుని పడేది.
తన అరబ్బీ ఫారం తిరగేసి చూసుకుంది.
దానికీ గడి లేదు.

కాగితాలు మళ్లీ అచ్చు వేయాలట.
తెలుగు ఎవరు చూస్తారంటే పోశెట్టి పేరు చెప్పాను.
చాయ్‌కి తప్ప దేనికీ కదలడతను.
ఈసారి బల్ల మీద
ఇంకో గ్లాసు పెట్టాలి.